నేలకు దిగు విద్య

మా చెల్లెలి కూతురు విమానము నడపు విద్య నేర్చుకొందునని పట్టుపట్టినది. మా చెల్లెలు దిగులుచే రాత్రి భోజనము మానివేసి, "అక్కా, చదువుకొన్నదానవు, దానికి నీవే బుద్ధిచెప్పవలయు"నని మాకు ఉత్తరము వ్రాసినది. చెప్పుటకు ముందు మాకును కొంత తెలియవలయును గదా యని మావారి పుస్తకముల బీరువా తెఱచితిమి.

శాకుంతలము సప్తమాంకమున మాతలి రథమును దింపినపుడు చక్రములు చప్పుడు చేయలేదు, ధూళి లేవలేదు. దిగినట్లు దుష్యంతునికే తెలియలేదు. దేవతల రథము గనుక నేలను తాకనే లేదు. మనుష్యుల విమానములకు ఆ భాగ్యము లేదు. సోదరీమణులారా, మనము ఆకాశమును చూచి భయపడుదుము గాని, చిన్న విమానములకు ప్రమాదములు తఱచుగా కలుగునది నేలకు దిగునపుడే. వానిలో పెక్కు ప్రాణము తీయవు. చక్రము విరుగుటతోనో ఱెక్క నలుగుటతోనో పోవును.

1930 మే 5న అమీ జాన్సన్ అను 26 ఏండ్ల యువతి లండను చెంతనున్న క్రాయిడన్ నుండి జిప్సీ మాత్ అను చిన్న విమానములో ఒంటరిగా ఆస్ట్రేలియాకు బయలుదేరెను. నాటి బర్మాలో, రంగూను గుఱ్ఱపు పందెముల మైదానమని భ్రమపడి, సమీపమున ఇన్‌సీన్‌లోని సాంకేతిక విద్యాలయపు ఆటస్థలమున దిగెను. పిల్లలు బంతులాడుకొను స్థలము విమానమునకు చాలునా! దానికి బ్రేకులును లేవు. దొర్లుచు పోయి గుంటలో పడెను. ప్రొపెల్లరు విరిగెను, ఱెక్క చినిగెను. ఆ విద్యాలయము వారే పూని బాగుచేసిరి. ఱెక్కకు తగిన గుడ్డ లేకపోగా, యుద్ధమున మిగిలిన విమానపు బట్టతో కుట్టించుకొన్న చొక్కాలను చింపి అతికిరట. బడిపంతులుగారి ఇంటివారము గనుక ఈ భాగమును రెండుమార్లు చదివితిమి.

మే 24న ఆమె డార్విన్ చేరెను. ఇంగ్లండునుండి ఆస్ట్రేలియాకు ఒంటరిగా ఎగిరిన మొదటి స్త్రీ ఆమెయే. అయిదు దినములకు బ్రిస్బేన్‌లో వేలకొలది జనము ఎదురుచూచుచుండగా, దిగవలసినచోట దిగక మైదానపు హద్దు దాటిపోయి విమానముతో కూడ బోర్లపడెను. దైవవశమున గాయము తగులలేదు.

వేగము మిక్కిలి తగ్గినచో ఱెక్కలకు గాలిపట్టు తప్పి విమానము కూలును. నేల దగ్గఱ సర్దుకొనుటకు ఎడము లేదు. వేగము మించినచో అది నేలకు ఆనక తేలుచునే పోవును; ఇంతలో చిన్న మైదానము ముగియును. ప్రక్కగాలి వీచినచో దారి తప్పించును. కుదురుట లేదని తోచిన క్షణమున ఇంజనుకు బలమిచ్చి పైకి లేచి, ఒకచుట్టు తిరిగి మరల దిగుటకు రావలయును. చుక్క తప్పిన ముగ్గును చెఱిపి మరల పెట్టుట వంటిదే. కాని మన ముగ్గును చూచువారు ఎందఱు? మైదానపు గట్టున నలుగురు నిలిచి, "ఆడపిల్లకు దించుట చేతకాలే"దని నవ్వుదురేమో యని బిడ్డ వంచిన తల ఎత్తక దిగునేమో! మా భయమంతయు అదియే.

చెల్లెలికి అడ్డుచెప్పవలదని వ్రాసితిమి. పిల్లకు వేఱుగా, ఎవరు నవ్వినను సరే, కుదరనిచో మరల పైకి లేతునని మాకు మాట ఇమ్మని వ్రాసితిమి. "పెద్దమ్మా, పదిమార్లయినను లేతును" అని జవాబు వచ్చినది.

మా చెల్లెలు ఇపుడు రాత్రి భోజనము చేయుచున్నదట. మాతో మాత్రము మాటలాడుట లేదు.