అత్తయ్య లెక్కపెట్టిన దీపాలు

సాయంత్రం ఆరవుతోందంటే మా ఇంట్లో నన్ను ఎవరూ నమ్ముకోరు. స్టవ్ మీద ఏమున్నా సరే, పడమటి ఆకాశం కాస్త ఎర్రబడిందంటే చాలు, మంట తగ్గించి ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి పరుగు. "మీ అమ్మ డ్యూటీకి వెళ్ళింది. ఎవరి కాఫీ వాళ్ళు కలుపుకోండర్రా" అంటారు మావారు పిల్లలతో.

నిజం చెప్పాలంటే ఈ ఊరి మేడలంటే నాకు మొదట్లో ఒళ్ళు మంట. నేను పుట్టి పెరిగింది అమలాపురం దగ్గర. అక్కడ ఆకాశానికి అంచు అంటే కొబ్బరి చెట్ల తలలే. మణికొండలో పదకొండో అంతస్తులో ఫ్లాట్ కొన్నాక మొదటిసారి బాల్కనీలో నిలబడి చూస్తే ఏముందీ? నానక్‌రామ్‌గూడ వైపు అద్దాల మేడలు, ఆకుపచ్చ వలలు కప్పుకున్న సగం సగం కట్టడాలు, వాటి నెత్తిన క్రేన్లు, దుమ్ము. "దీన్ని వ్యూ అని చెప్పి డబ్బులు ఎక్కువ తీసుకున్నారా?" అని మావారిని సాధించాను కూడా.

మేం ఇందులోకి వచ్చిన కొత్తలోనే మావయ్యగారు పోయారు. అత్తయ్య తణుకు దగ్గర ఊళ్ళో ఇల్లు తాళం వేసి మా దగ్గరికి వచ్చేశారు. నలభై ఏళ్ళు పెరడూ, బావీ, ఇరుగూ పొరుగూ మధ్య బతికిన మనిషి. ఇక్కడ లిఫ్ట్ ఎక్కాలంటేనే భయం. మధ్యాహ్నం భోజనమయ్యాక బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చుంటే మళ్ళీ దీపం పెట్టే వేళకే లేవడం. నాతో రెండు మాటలు మాట్లాడితే గొప్ప. ఒకరోజు హాలు గోడల వంక చూసి, "ఏవమ్మా, అప్పుడే గోడలు ఇలా మాసిపోయాయేం? పసుపు పచ్చగా అయిపోయాయి" అన్నారు. ఆ తెల్ల రంగు వేయించి ఆర్నెల్లు కాలేదు! రోజూ దులిపి తుడుచుకునే నాకు ఆ మాట ఎంత గుచ్చుకుందో మీకు వేరే చెప్పాలా? అలిగి కూర్చుని నా ఇంట్లో వంకలు వెతుకుతున్నారనే అనుకున్నాను. ఆ మాట చాలా రోజులు మనసులో పెట్టుకున్నాను.

ఫోటోల పిచ్చి మొదలైంది ఒక ఆషాఢమాసం పొద్దున్న. రాత్రంతా వాన కురిసి వెలిసింది. బట్టలారేద్దామని టెర్రస్ మీదకి వెళ్ళాను. దుమ్మంతా కడుక్కుపోయి గాలి అద్దంలా ఉంది. తూర్పున గోల్కొండ కొండ, దాని మీద కోట గోడలు చేతికి అందేంత దగ్గరగా కనబడుతున్నాయి. 1591లో చార్మినార్ కట్టడానికి ముందు ఈ రాజ్యానికంతా రాజధాని ఆ కొండే కదా. వెనక్కి తిరిగితే అద్దాల మేడలు. ఇటు చూస్తే నాలుగు వందల ఏళ్ళు దాటిన రాయి, అటు చూస్తే నిన్నటి గాజు. మధ్యలో బక్కెట్‌తో నేను. బట్టలు అక్కడే పెట్టేసి ఫోటో తీశాను.

ఫోటో ఘోరంగా వచ్చింది. మేడలన్నీ వెనక్కి పడిపోతున్నట్టు, ఆకాశం తెల్ల కాగితంలా. ఇంటర్ చదివే మావాడు చూసి నవ్వి నవ్వి, తర్వాత నేర్పించాడు. కెమెరా సెట్టింగుల్లో గ్రిడ్ గీతలు పెట్టుకోమన్నాడు, నేల గీత వంకరపోకుండా. ఫోన్ పైకెత్తి వంచితే మేడలు వెనక్కి వాలతాయట, నిటారుగా పట్టుకోవాలి. తెరమీద ఆకాశం ఉన్నచోట వేలు పెట్టి, పక్కన వచ్చే సూర్యుడి బొమ్మని కిందకి జరిపితే మబ్బుల రంగులు బయటికొస్తాయి. చీకట్లో తీసేటప్పుడు ఫోన్ కదలకూడదు. నేనైతే బాల్కనీ గోడ మీద బియ్యం డబ్బా పెట్టి దానికి ఆనిస్తాను.

అన్నిటికంటే పెద్ద పాఠం మాత్రం వేళ గురించి. పొద్దు గుంకగానే అందరూ లోపలికొచ్చేస్తారు. అసలు అందం అప్పుడే మొదలవుతుంది. పొద్దు గుంకిన వెంటనే ఆకాశం వెలుగు ఎక్కువగా ఉంటుంది, కిటికీల్లో దీపాలు తేలిపోతాయి. పూర్తిగా చీకటి పడ్డాక దీపాలే మిగులుతాయి, మేడల ఆకారం పోతుంది. ఈ రెంటికీ మధ్య ఓ పావుగంట, ఇరవై నిమిషాలు, ఆకాశం ముదురు నీలంగా ఉండి, ఆ నీలమూ కిటికీల పసుపూ సరిసమానంగా తూగుతాయి. ఇంగ్లండ్‌లో ఉండే మా ఆడపడుచుకి వేసవిలో రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుతురే. మనవైపు సంజె అంతసేపు నిలవదు. అందుకే నా పరుగు.

తర్వాత ఎడిటింగ్. స్నాప్‌సీడ్ అని ఉచితంగా దొరికే యాప్ ఉంది. వాలిన మేడలు నిలబెట్టడం, నీడలో ఉన్నది కాస్త తేటపరచడం, మరీ మెరిసిపోయే దీపాలు తగ్గించడం అందులోనే నేర్చుకున్నాను. రంగు పెంచడమంటారా, అది కూరలో ఉప్పు లాంటిది. చాలలేదు అనుకుంటూ వేస్తూ పోతే నోట పెట్టుకోలేం. మొదట్లో నా ఆకాశాలన్నీ జాంగ్రీ రంగులో ఉండేవి.

హీలింగ్ అని ఒకటుంది. దానితోనే నాకు చెడ్డ అలవాటు పట్టుకుంది. వద్దనుకున్న దాని మీద వేలితో రాస్తే చాలు, మాయమైపోతుంది. కేబుల్ తీగలు తీసేశాను. నీళ్ళ ట్యాంకులు తీసేశాను. ఎదురు బాల్కనీల్లో ఆరేసిన లుంగీలు తీసేశాను. మా ఎదురుగా లేస్తున్న మేడ మీద క్రేన్ ఉందే, దాన్నీ ఓపిగ్గా తీసేసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. "ఇది సింగపూరా వదినా?" అని మెసేజ్ వస్తే ఎంత పొంగిపోయానో!

ఆ పొంగులోనే ఫోన్ తీసుకెళ్ళి అత్తయ్యకి చూపించాను. కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూశారు.

"బాగుంది గానీ అమ్మాయ్, క్రేన్ ఏదీ?"

"అడ్డంగా ఉందని తీసేశానండీ."

"అయ్యో, అదెందుకు తీశావే? దాని మీద ఎర్ర దీపం వెలిగాకే కదా నేను లేచి దేవుడి దగ్గర దీపం పెట్టేది!"

నాకు నోట మాట రాలేదు. మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా ఆవిడ అక్కడ కూర్చుని ఏం చేస్తారో ఒక్కరోజూ అడగలేదు నేను. ఆవిడే చెప్పుకుంటూ పోయారు. ఆ మేడ ఏడో అంతస్తులో ఉన్నప్పటి నుంచి చూస్తున్నారట. ఆకుపచ్చ వల ఒక మెట్టు పైకి జరిగిందంటే ఇంకో అంతస్తు లేచినట్టు లెక్క. స్లాబ్ వేసిన రాత్రి తెల్లవార్లూ లైట్లుంటాయట. ఊళ్ళో తమ ఇల్లు కట్టినప్పుడు మావయ్యగారు పొలం వెళ్తే తనే బిందెలతో గోడలు తడిపేవారట. "ఇప్పటికి ఇరవై రెండు వేశారు" అన్నారు. ఆగి, "మొదట్లో ఒక్క దీపమే ఉండేది. రెండు నెలలై రెండు పెట్టారు. చుట్టూ గుడి కట్టినట్టు వెలుగు కూడానూ" అన్నారు.

రెండా? నేను రోజూ చూస్తున్నదే కదా. ఎడిట్ చేసేటప్పుడు వేరే కాపీగా దాచుకుంటాను కాబట్టి అసలు ఫోటో ఉంది. తీసి, వేళ్ళతో పెద్దది చేసి చూశాను. క్రేన్ నెత్తిన ఒక్కటే దీపం.

ఆ వారంలోనే కళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. రెండు కళ్ళలోనూ శుక్లాలు, బాగా ముదిరాయి అన్నారు. ఒకటి రెండుగా కనబడటం, దీపం చుట్టూ వలయాలు దాని లక్షణాలేనట. వయసుతో కంట్లో లెన్స్ పసుపు పచ్చబడుతుందనీ, నీలం రంగు సరిగ్గా లోపలికి పోనివ్వదనీ, తెల్లనిది కూడా పచ్చగా కనిపిస్తుందనీ డాక్టరమ్మ చెప్తుంటే నాకు మా హాలు గోడలు గుర్తొచ్చాయి. తల దించుకుని కూర్చున్నాను.

ముందు కుడి కంటికి ఆపరేషన్ చేశారు. కట్టు విప్పి ఇంటికొచ్చిన సాయంత్రం నల్లద్దాలు తీసి బాల్కనీలో నిలబడ్డారు. "ఇంత నీలమా అమ్మాయ్ ఆకాశం! మేడలన్నీ సున్నం వేసినట్టు తెల్లగా ఉన్నాయే!" ఎడం కన్ను మూసి చూడటం, కుడి కన్ను మూసి చూడటం. చిన్నపిల్లలా అదే పని.

నాకో ఆలోచన వచ్చింది. అప్పుడే తీసిన ఫోటో తెరిచి, వైట్ బ్యాలెన్స్‌లో పసుపు వైపు జరపడం మొదలుపెట్టాను. "ఎడం కంటికి ఊరు ఎలా కనిపిస్తోందో చెప్పండి, అలాగే చేస్తాను" అన్నాను. కుడి కన్నుతో ఫోన్ చూస్తారు, అది మూసి ఎడం కన్నుతో ఊరు చూస్తారు. "ఇంకా పచ్చగా. ఊఁహూఁ, ఇంకా. కాస్త మసక చెయ్యి. ఆఁ, అదీ!" అన్నారు. నేను ఫోన్ వంక చూశాను. చింతపండు రసంలో ముంచి తీసినట్టుంది మణికొండంతా. ఇన్నాళ్ళూ ఈ మనిషి ఈ ఊళ్ళో బతికారన్నమాట. నా తెల్ల గోడలు, నేను కట్టుకున్న కొత్త నీలం చీర, నా ముఖం కూడా అందులోనే చూశారు. పక్క గదిలో కూర్చుని నేనేమో ఊరికి మెరుగులు దిద్దుతున్నాను.

"గోడల మాట మనసులో పెట్టుకున్నానండీ" అన్నాను ఎలాగో. "ఏ గోడలే?" అన్నారు ఆవిడ. గుర్తే లేదు!

ఆ తర్వాత రెండో కన్నూ అయింది. నా ఫోటోల్లో ఇప్పుడు తీగలుంటున్నాయి, లుంగీలూ ఉంటున్నాయి. వంకర సరిచేస్తాను, వెలుతురు సరిచేస్తాను, ఉన్నదాన్ని మాత్రం తుడిచెయ్యను. కిందటి కార్తీకంలో ఒక పొద్దున్న "అమ్మాయ్, ఫోన్ పట్రా! క్రేన్ విప్పేస్తున్నారు!" అని అత్తయ్యే కేకేశారు. ముక్కలు ముక్కలుగా దించుతుంటే ఇద్దరం నిలబడి చూశాం. ఎర్ర దీపం ఉన్న ఒక ఫోటో పెద్దది చేయించి ఆవిడ గదిలో పెట్టాను. ఓ మూలకి ఆవిడ తెల్లచీర చెంగు ఆరుతూ ఉంటుంది అందులో. ముందైతే కత్తిరించేదాన్నే.

ఆ మేడ పూర్తయ్యాక మా పడమటి ఆకాశం సగం పోయింది. పోనీలెండి, మిగిలిన సగంలో కూడా సంజె పడుతోంది.

మొన్న శ్రావణ శుక్రవారం సాయంత్రం పాలు కాస్తున్నాను. "అమ్మాయ్, తొందరగా రా!" అని పిలుపు. వెళ్తే, ఎదురు మేడలో, ఎనిమిదో అంతస్తులో, ఒకే ఒక్క కిటికీలో దీపం. గుమ్మానికి మామిడాకుల తోరణం ఉందని అత్తయ్య అన్నారు. నాకు కనబడలేదు. కొత్త కళ్ళు కదా ఆవిడవి! ఆ ఒక్క దీపం, వెనక నీలం, ఫోటో తీస్తుంటే లోపల్నుంచి మాడు వాసన. పాలు పొంగి స్టవ్ నిండా పారాయి.

నేను తల పట్టుకుంటే అత్తయ్య నవ్వి, "పొంగనీవే, వాళ్ళ గృహప్రవేశానికి!" అంటూ దీపం పెట్టడానికి లేచారు.