మీటరు ఇప్పుడు కొనాలా, వచ్చే పంటకా?

కైకలూరులో నీటి పరీక్షల ల్యాబ్ నడుపుతున్నాను. కొల్లేటి అంచున శీలావతి, బొచ్చె పెంచే రైతులూ, కలిదిండి, కృత్తివెన్ను వైపు వనామీ రొయ్య వేసే రైతులూ పొద్దున్నే సీసాల్లో నీళ్లు పట్టుకొస్తారు. పీహెచ్, అమ్మోనియా, ఆల్కలినిటీ, ఉప్పు శాతం చూసి కాగితం మీద రాసిస్తాను. ఒక్క సంగతి మాత్రం ఆ సీసా చెప్పలేదు. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను, అంటే మా రైతులంతా డీవో అనేదాన్ని, చెరువు గట్టునే కొలవాలి. తెల్లవారుజామున నాలుగింటికి పట్టిన నీళ్లు బండి మీద ఊగుతూ తొమ్మిదింటికి నా బల్ల మీదికి వచ్చేసరికి అందులో డీవో మారిపోయి ఉంటుంది.

అందుకే నన్ను ఎక్కువమంది అడిగేది చేతిలో పట్టుకుని తిరిగే డీవో మీటరు గురించే. ‘ఇప్పుడే కొనేయమంటారా, ఇంకో పంట ఆగమంటారా?’ అని అడుగుతారు. నేను మీటర్లు అమ్మను. నా సలహాలో నాకు లాభం లేదు కాబట్టి ఈ మాట నాతో మనసు విప్పి మాట్లాడతారు.

ఆ ప్రశ్నను నేనెప్పుడూ తేలిగ్గా తీసుకోను. పది పదిహేను వేలకు దొరికే మీటర్లున్నాయి, లక్ష దాటినవీ ఉన్నాయి. లీజు కట్టి, మేత అరువు తెచ్చి, చేప, రొయ్య పిల్లకు డబ్బు పోసిన రైతుకు పదివేలు కూడా పెద్ద మొత్తమే. 2025 ఏప్రిల్ మొదట్లో అమెరికా సుంకాలు ప్రకటించగానే ఇక్కడ రొయ్య రేటు పడింది. ఆగస్టు 27న, సరిగ్గా వినాయక చవితి రోజున, ఆ సుంకం 50 శాతానికి చేరింది. అలాంటి ఏడాదిలో ‘రేటు నిలబడ్డాక చూద్దాం’ అనుకోవడం పిసినారితనం కాదు, సంసారం చేసుకునేవాడి జాగ్రత్త. అయినా చాలామందికి నేను కొనమనే చెప్పాను. ఎందుకో చెప్పాలంటే చెరువులో రాత్రి ఏం జరుగుతుందో చెప్పాలి.

పగలు ఎండలో నీటిలోని పచ్చదనం, అంటే ప్లాంక్టన్, ఆక్సిజన్ తయారుచేస్తుంది. మధ్యాహ్నం మూడింటికి మంచి పచ్చని చెరువులో డీవో పది పన్నెండు పీపీఎం దాటినా ఆశ్చర్యం లేదు. పొద్దు గూకాక తయారీ ఆగిపోతుంది, ఖర్చు మాత్రం ఆగదు. చేపా రొయ్యా పీల్చుకుంటాయి, అడుగు బురదలోని సూక్ష్మజీవులు పీల్చుకుంటాయి, పగలు ఆక్సిజన్ ఇచ్చిన ప్లాంక్టన్ కూడా రాత్రి పీల్చుకుంటుంది. తెల్లవారే ముందు ఆ అంకె అట్టడుగుకు చేరుతుంది. రొయ్యకు నాలుగైదు పీపీఎం ఉంటే హాయి, మూడు కిందికి పోతే కష్టం. రెండు మూడు రోజులు మబ్బు పట్టినా, వానకు ప్లాంక్టన్ ఒక్కసారిగా చచ్చి పడిపోయినా, నిన్న నాలుగున్న చెరువు ఇవాళ ఒకటిన్నరకు వస్తుంది. మబ్బు రోజుల్లోనైతే పైకి నీటి రంగులో పెద్ద తేడా కనిపించదు.

చూపుతో పసిగట్టే పెద్దవాళ్లున్నారు. బొచ్చె ముందుగా నోరు పైకి పెడుతుందనీ, రొయ్య గట్టు వెంబడికి చేరుతుందనీ వాళ్లకు తెలుసు. ఆ అనుభవం మీద నాకు గౌరవం ఉంది. అయితే చేప నోరు పైకి పెట్టిందంటే అది అప్పటికే ఉక్కిరిబిక్కిరి అవుతోందన్నమాట. మీటరు ఆ సంగతిని రెండు మూడు గంటల ముందే చెబుతుంది. నీటికి గాలి ఎక్కించే ఏరియేటర్లు వేసుకోవడానికీ, కరెంటు లేకపోతే జెనరేటర్‌లో డీజిల్ పోసుకోవడానికీ ఆ రెండు గంటలే కావాలి.

2025 వేసవి చివర ముదినేపల్లి వైపు నుంచి ఒక తండ్రీ కొడుకులు వచ్చారు. కొడుకు ఇంజినీరింగ్ చదివి చెరువుల మీదికి వచ్చిన కుర్రాడు.

“అన్నా, ఇప్పుడున్న మీటర్లన్నీ పాతవి. ఫోన్‌కి కలిసేవి చవగ్గా వస్తాయంటున్నారు. ఏడాది ఆగితే మంచిది కాదా?” అన్నాడు.

“ముప్పై ఏళ్లుగా చెరువు మీదే ఉన్నాను. నాకు లేని మీటరు వీడికెందుకయ్యా?” అన్నాడు తండ్రి.

“పిల్ల ఎప్పుడు వేస్తున్నారు బాబాయ్?” అని అడిగాను.

“శ్రావణంలో.”

“అయితే కార్తీకానికి డెబ్బై ఎనభై రోజుల సరుకవుతుంది. చెరువులో బరువు నిండుగా ఉండేదీ అప్పుడే, తుఫాన్లు వచ్చేదీ అప్పుడే. కొత్త మోడల్ వచ్చే ఏడు వస్తుంది, మీ సరుకు ఈ ఏడే కదా చెరువులో ఉండేది?”

తండ్రి కాసేపు లెక్క చూసుకున్నాడు. చవితి లోపే మధ్యరకం మీటరు ఒకటి కొన్నారు. అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. అంతకుముందు నుంచే ఎండ లేదు. ఆ రాత్రి కరెంటు పోయింది. పదకొండింటికే మీటరు మూడున్నర చూపించడంతో వాళ్లు జెనరేటర్ వేసేశారు. ఆ పంటను నిలబెట్టింది డీజిలూ, నిద్ర మానుకున్న మనుషులూ. తెల్లవారుజామున వేద్దామనుకున్న జెనరేటర్‌ను ముందే వేయించింది ఆ అంకె.

నేనెవరికి చెప్పినా ఈ లెక్కే చెబుతాను. మీటరు కొనే తేదీని పంచాంగం లాంటి పంట క్యాలెండరు చెప్పాలి. బజారుకు ఆ తేదీతో సంబంధం లేదు. చెరువులో సరుకు బరువెక్కే నెలలూ, మబ్బు నెలలూ కలిసే చోటికి కనీసం నెల ముందు మీటరు చేతిలో ఉండాలి. ఆ నెల రోజులూ వాడకం నేర్చుకోవడానికీ, మీ చెరువు మామూలు రోజుల్లో ఎంత చూపిస్తుందో రాసి పెట్టుకోవడానికీ. ఆ మామూలు అంకె తెలియకపోతే ప్రమాదపు అంకె కూడా అర్థం కాదు.

ఆగడం సరైన సందర్భాలూ ఉన్నాయి. తేదీ ఉన్న దాని కోసం ఆగవచ్చు. 2025 సెప్టెంబరు 3న జీఎస్టీ మండలి రేట్లు మార్చింది, 22 నుంచి అమలన్నారు. ఏరియేటర్ల మీద పన్ను 5 శాతానికి దిగింది. ఆ మధ్యలో ఏరియేటర్లు కొనబోయిన రైతులకు ‘ఇరవై రోజులు ఓపిక పట్టండి’ అన్నాను. అక్కడ తేదీ ఉంది, తగ్గే శాతం తెలుసు. ‘తగ్గుతాయంటున్నారు’, ‘సబ్సిడీ వస్తుందంట’ అనే మాటలకు మాత్రం తేదీ ఉండదు. సబ్సిడీ అంటే మీ రైతు సేవా కేంద్రంలో మత్స్య సహాయకుణ్ని అడగండి. ఉత్తర్వు చూపిస్తే ఆగండి, మాట మాత్రమే అయితే మీ పంట లెక్క మీరు చూసుకోండి. చెరువు ఎండగట్టి ఉన్నా, పట్టుబడి అయిపోయి తర్వాతి పంట వేస్తామో లేదో తేలకపోయినా ఆగడమే మంచిది. వాడకుండా పెట్టెలో ఉన్నా కొన్ని మీటర్ల ఆయుష్షు కరుగుతూనే ఉంటుంది.

ఆ ఆయుష్షు సంగతే దుకాణంలో ఎవరూ విడమరచి చెప్పరు. మీటర్లు ముఖ్యంగా మూడు రకాలు. పోలరోగ్రాఫిక్ రకం ఆన్ చేశాక పది పదిహేను నిమిషాలు ఆగితే గాని సరైన అంకె చూపదు. గాల్వానిక్ రకానికి ఆ ఆలస్యం లేదు, కానీ లోపలి లోహం మీటరు ఆపేసి ఉన్నా కొద్దికొద్దిగా అరుగుతుంది. ఈ రెండింటికీ ప్రోబ్, అంటే నీటిలో ముంచే కడ్డీ, కొస మీద పల్చని పొర, లోపల ద్రావణం ఉంటాయి. రెండూ మార్చుకుంటూ ఉండాలి. ఇవి కొలుస్తూ ఆక్సిజన్‌ను తినేస్తాయి కాబట్టి ప్రోబ్‌ను నీటిలో ఊపుతూ ఉండాలి, ఊపడం ఆపితే అంకె దిగిపోతుంది. అడుగు బురద నుంచి లేచే కుళ్లు గుడ్డు వాసన వాయువు వీటిని పాడుచేస్తుంది. మూడోది ఆప్టికల్, వెలుగుతో కొలిచేది. ఊపక్కర్లేదు, ఆ వాయువుకు లొంగదు, ధర మాత్రం ఎక్కువ. దాని కొసన ఉండే టోపీని ఏడాదికో రెండేళ్లకో మార్చాలి, దాని ఖరీదూ తక్కువ కాదు. అందుకే మీటరు ధర అడిగినప్పుడే పొర ఎంత, ద్రావణం ఎంత, టోపీ ఎంత అని కూడా అడగమంటాను. విజయవాడలో ఆ సామాను దొరకని మీటరు ఎంత చవకైనా వద్దు. నవంబరులో టోపీ పాడై, కొత్తది రావడానికి నెల పడితే, మీటరు ఉండీ లేనట్టే.

ఉప్పునీటి రైతులకు ఇంకొక మాట. 30 డిగ్రీల మంచినీరు పట్టగలిగే ఆక్సిజన్ ఏడున్నర పీపీఎం. అదే వేడిలో 20 పీపీటీ ఉప్పున్న నీరు ఏడు లోపే పడుతుంది. ఉప్పు శాతం నమోదు చేసుకునే వీలు లేని చవక మీటరును రొయ్యల చెరువులో ముంచితే, ఉన్నదానికంటే పదోవంతు పైగా ఎక్కువ చూపిస్తుంది. మూడున్నర అని చూసి నిశ్చింతగా పడుకుంటారు, అక్కడ ఉండేది మూడు. రొయ్య వేసేవాళ్లకు ఈ ఒక్క సదుపాయం లేని మీటరు వద్దేవద్దు.

కొన్నాక వాడే తీరు కూడా చెప్పాలి. తడి స్పాంజి ఉన్న గొట్టంలో ప్రోబ్ పెట్టి, కాసేపు ఆగి, నూరు శాతానికి సరిచేయాలి. గట్టు మీద నుంచి పైనీళ్లలో ముంచి చూసి వచ్చేస్తే కుదరదు. ప్రోబ్‌ను పొడవాటి గొట్టానికి కట్టి, లేదా చెరువులోకి వేసిన చెక్క బల్ల మీదికి వెళ్లి, బురదకు జానెడు ఎత్తులో కొలవాలి. రొయ్య ఉండేది అక్కడే. పైన ఐదు చూపిన చెరువులోనే అడుగున రెండున్నర చూపిన రాత్రులు నాకు తెలుసు. ప్రోబ్ మీద వేలు పెట్టి తుడవకూడదు, మెత్తటి తడిగుడ్డ చాలు. తేదీ, వేళ, అంకె, ఆకాశం ఎలా ఉందో ఒక నోటు పుస్తకంలో రాయాలి.

‘నలుగురం కలిసి ఒకటి కొంటే?’ అని అడుగుతారు. చేపల చెరువులకు నేను సరేనంటాను. రొయ్యకు మాత్రం వెనకాడతాను. తెల్లవారుజామున నాలుగింటికి నలుగురికీ ఒకేసారి అది కావాలి. పైగా ఒక చెరువులో ముంచిన ప్రోబ్ ఇంకో చెరువుకు వెళ్తే దాంతో పాటు వైట్ స్పాట్ వైరస్ కూడా వెళ్లవచ్చు. కలిసి కొంటే చెరువు చెరువుకూ మంచినీళ్లతో కడిగి ఆరబెట్టే నియమం, ముందు ఎవరి వంతో రాసుకున్న వరుస, రెండూ ఉండాలి.

ఆ కుర్రాడన్న ఫోన్ మీటర్లు, చెరువులోనే ఉండి అలారం కొట్టే సెన్సర్లు రావాలనే నేనూ కోరుకుంటాను. కానీ నీటిలోనే ఉండిపోయే సెన్సర్ మీద నాచు, జిగురు పేరుకుంటాయి. శుభ్రం చేయకపోతే తప్పుడు అంకె చూపుతుంది. అది తప్పు చూపుతోందో లేదో తేల్చాలంటే చేతిమీటరు ఉండాల్సిందే. కాబట్టి ఇవాళ కొన్న మంచి చేతిమీటరు రేపు కొత్త సాధనాలు వచ్చినా మూలన పడదు.

ఎంత చెప్పినా ఈ పంటకు డబ్బు సర్దుబాటు కాని ఇళ్లుంటాయి. వాళ్లకు నేను వింక్లర్ కిట్ చేతిలో పెడతాను. 1888లో వింక్లర్ అనే హంగరీ శాస్త్రవేత్త చెప్పిన పద్ధతే అది. కొన్ని వందల్లో వస్తుంది. నీళ్లు పట్టిన సీసాలో మొదటి రెండు మందులూ చుక్కలు వేసి కదిలిస్తే ఆక్సిజన్ ఉన్న నీటిలో గోధుమరంగు మడ్డి దిగుతుంది, లేని నీటిలో తెల్లగా దిగుతుంది. ఆపైన చుక్కలు లెక్కపెడితే అంకె వస్తుంది. పది నిమిషాలు పడుతుంది, టార్చి వెలుగులో రంగు పోల్చుకోవడం కష్టమే, అయినా గుడ్డిగా ఉండటం కంటే వెయ్యి రెట్లు నయం. మీటరు కోసం ఆగండి, కొలవడం మాత్రం ఇవాళే మొదలుపెట్టండని వాళ్లకు చెబుతాను.

కరెంటు ఆదా అవుతుందని చెప్పి మీటరు కొనిపించడం నాకు ఇష్టం ఉండదు. సబ్సిడీ ఉన్న రైతుకు యూనిట్ రూపాయిన్నర. రెండు హార్స్‌పవర్ ఏరియేటర్లు నాలుగు, రెండేసి గంటలు ఆపగలిగితే మిగిలేది పన్నెండు యూనిట్లు, అంటే రాత్రికి పద్దెనిమిది రూపాయలు. అసలు మిగులు మేత దగ్గర ఉంది. డీవో తక్కువున్న పొద్దున రొయ్య సరిగా తినదు, వేసిన మేత అడుగున కుళ్లి, రాబోయే రాత్రి ఆక్సిజన్‌ను తనే తినేస్తుంది. పంట ఖర్చులో సగానికి పైగా మేతే. అంకె చూసి మొదటి పూట మేత తగ్గించినా, గంట ఆలస్యం చేసినా ఆ డబ్బు మిగులుతుంది, అడుగూ శుభ్రంగా ఉంటుంది.

కొనడానికి వెళ్లే ముందు ఇంట్లో ఒక్క సంగతి తేల్చుకోమని అందరినీ అడుగుతాను. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చెరువు మీదికి వెళ్లేదెవరు? కాపలా కుర్రాడైతే వాడికి అంకె చదవడం నేర్పారా? మూడు కిందికి వస్తే మిమ్మల్ని నిద్ర లేపే చనువు వాడికి ఇచ్చారా? ఈ ప్రశ్నకు జవాబు ఉన్న ఇంటికి పదిహేను వేల మీటరైనా సరిపోతుంది, దాన్ని పిల్ల వేసే ముందే తెచ్చుకోవాలి. జవాబు లేకపోతే ముందు ఆ మనిషిని చూసుకోండి, మీటరు ఆ తర్వాత కొందురుగాని.