ఒక నంబరు, రెండు పేర్లు

పోయిన నెల ఇంట్లో పాత హార్డ్‌డిస్క్ మొరాయించింది. లాగ్‌లో పాడైన బ్లాక్ జాడ దొరికింది. ఆ నంబరు డీబగ్‌ఎఫ్ఎస్‌కిచ్చి ఐచెక్ అంటే, అది ఏ ఐనోడ్‌దో చెప్పింది. మళ్ళీ నంబరే. నాకు కావాల్సింది పేరు.

ఐనోడ్‌లో ఫైలు సైజు, ఓనరు, పర్మిషన్లు, తేదీలు, డేటా ఎక్కడుందో అన్నీ ఉంటాయి, పేరు తప్ప. పేరుండేది డైరెక్టరీలో, నంబరు పక్కన. అందుకే పేరు నుంచి నంబరుకి వెళ్ళడం క్షణం పని. వెనక్కి రావాలంటే ఊళ్ళో ప్రతి గడపా తొక్కాల్సిందే. ఫైండ్‌కి ఐనమ్ ఇచ్చి, ఆ డిస్క్ దాటి పోకుండా ఎక్స్‌డెవ్ తగిలించి కూర్చున్నా. ఏ పాత సినిమానో అయ్యుండాలని మొక్కుకున్నా.

రెండు పేర్లొచ్చాయి. ఒకటి 'నాయనమ్మ' ఫోల్డర్లో, ఇంకోటి 'బ్యాకప్'లో.

రెండో కాపీ ఉందన్న ధీమాతోనే ఇన్నేళ్ళూ ఉన్నాను. అది కాపీ కాదు, చోటు కలిసొస్తుందని నేనే పెట్టుకున్న హార్డ్‌లింక్. పేర్లు రెండు, సరుకు ఒకటే. లింక్ కౌంట్ 2 అని ఐనోడ్‌లో రాసే ఉంది. నేనే ఎప్పుడూ చూడలేదు.

నాయనమ్మ చెప్పిన కథ నాలుగో నిమిషం దాకా వినిపిస్తుంది. "ఆ తర్వాత ఏమైందిరా అంటే..." దగ్గర ఆగిపోతుంది.

నాన్నకి ఫోన్ చేశా. గుర్తు తెచ్చుకుని ముగింపు చెప్పాడు. అత్తకి చేస్తే, "మీ నాన్న మొహం, అలా కాదు" అని ఇంకో ముగింపు చెప్పింది. రెండూ రికార్డు చేశా. ఈసారి వేర్వేరు డిస్కుల్లో.