మామునూరు నుంచి షికాగో ఎంత దూరం?

'అమెరికా అమ్మాయి' సినిమా ఆడిన 1976లో మన ఓరుగల్లుకి అమెరికా పేరే ఒక వింత. ఇవాళ హన్మకొండలో వీధికో అమెరికా కొడుకు!

శంషాబాద్ నుంచి షికాగోకి ఆకాశమార్గాన దాదాపు 13,300 కిలోమీటర్లు. పటం చూస్తే విమానం పడమరకి పోవాలనిపిస్తుంది. గ్లోబు మీద దారం లాగి చూడండి, దగ్గర దారి ఉత్తర ధ్రువం పక్కనుంచే! ఆగకుండా ఎగిరితే పదిహేను, పదహారు గంటలు. దుబాయ్‌లో దిగి ఎక్కితే ఇరవై దాటుతుంది.

అసలు తిప్పలు నేలమీదే. వరంగల్ నుంచి శంషాబాద్‌కి 150 కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు. అర్ధరాత్రి విమానానికి సాయంత్రమే కారెక్కాలి. సాగనంపేవాళ్ల నిద్ర గోవిందా!

ఊళ్లో విమానాశ్రయం లేక కాదు సుమండీ. ఖమ్మం రోడ్డులో, మామునూరులో, నిజాం జమానాలో 1930లోనే కట్టారు. 1981లో మూతబడింది. ఆ తర్వాత శంషాబాద్ ఒప్పందం అడ్డొచ్చింది. 2008 నుంచి పాతికేళ్లు, 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకూడదట. మామునూరు ఆ గీత లోపలే పడింది! శంషాబాద్ కంపెనీ సరేనన్నాక 2025 ఫిబ్రవరి 28న కేంద్రం పచ్చజెండా ఊపింది. ఉన్న 696 ఎకరాలు చాలవు, ఇంకో 253 ఎకరాలు కావాలన్నారు. అవి రైతుల పొలాలు మరి.

అలాగని మామునూరులో ఎక్కి తిన్నగా షికాగోలో దిగుతామనుకోకండి. ఇక్కడికి అనుకుంటున్నవి ఏ320 తరహా చిన్న జెట్లే. ఢిల్లీలోనో బొంబాయిలోనో మారక తప్పదు. కర్చీఫులు మాత్రం ఊళ్లోనే తడుపుకోవచ్చు!