నీచు కాదు, చిగుళ్లు

తమిళనాడులోని రాజపాళయం అనగానే జంతుప్రియులకు గుర్తొచ్చేది కుక్క. తెల్లటి ఒళ్లు, గులాబీ రంగు ముక్కు, వేటకు పుట్టిన పొడుగు కాళ్లు. 2005లో తపాలా శాఖ నాలుగు దేశీ జాగిలాలకు బిళ్లలు వేస్తే అందులో ఇదొకటి. విజయనగర కాలంలో ఆంధ్రదేశం నుంచి తరలివచ్చి ఇక్కడ స్థిరపడి, నేటికీ ఇంట్లో తెలుగే మాట్లాడే రాజు కులస్థుల ప్రతిష్ఠతో దాని పేరూ పెనవేసుకుపోయింది. పిల్లికి అంత చరిత్ర ఎవరూ రాయలేదు. ఎక్కడైనా ఒకటే, వంటింటి గడప దగ్గర ముడుచుకుని పడుకుంటుంది.

ఇక దాని నోటి సంగతి ఎవరికి పడుతుంది? ఒళ్లోకెక్కి ఆవులించినప్పుడు గుప్పుమంటే, చేప తిన్నది కదా, నీచు వాసన అని ముఖం తిప్పుకుంటాం. చేప వాసన మూతి నాక్కున్న కాసేపటికి పోతుంది. మర్నాడూ, ఆ పైవారమూ వదలకపోతే అది చేపది కాదు, చిగుళ్లది.

పిల్లికి పాలపళ్లు 26, అసలు పళ్లు 30. వాటి మీద పేరుకున్న పాచిని లాలాజలంలోని ఖనిజాలు కొద్ది రోజుల్లోనే గట్టిపరిచి గారగా మారుస్తాయి. చిగురు ఎర్రబడి పంటి నుంచి విడిపోతుంది. ఆ సందులో చేరిన సూక్ష్మజీవులు గంధకపు వాయువులు వదులుతాయి. కుళ్లిన గుడ్డు కంపు అదే. మూత్రం లాంటి ఘాటు వాసనైతే మూత్రపిండాలను, పండిన పండు లాంటి తీపి వాసనైతే చక్కెర జబ్బును అనుమానించాలి. అప్పుడు ఆలస్యం పనికిరాదు.

పిల్లి నొప్పిని దాచుకుంటుంది. మూలగదు, కుంటదు. తల ఒకవైపు వాల్చి నమలడం, నోట్లో ముద్ద జారవిడవడం, గడ్డం తడిగా ఉండడం, ఒళ్లు నాక్కోవడం మానేయడం: చెప్పుకోవడమంటే దానికి ఇదే. ఆకలితో గిన్నె దాకా వచ్చి, ఒక్క కొరుకు కొరికి వెనక్కి తగ్గే పిల్లిని చూసి మూతి ముడుచుకుందని కసురుకోవడం అన్యాయం. పిల్లుల్లో మరీ తరచుగా కనిపించే జబ్బు ఒకటుంది. ఒంట్లోని కణాలే పంటిని లోలోపల కరిగించేస్తాయి. ఎక్స్‌రే తీస్తే గాని దాని లోతు తెలియదు, పన్ను పీకితే గాని బాధ తీరదు. పళ్లన్నీ తీయించుకున్న పిల్లులు కూడా హాయిగా తింటాయి. నొప్పితో ఉన్న పన్ను కన్నా లేని పన్నే వాటికి సుఖం.

ఇంటి వైద్యం మాత్రం వద్దు. మన పంటి నొప్పికి ఆదుకునే లవంగ నూనెను పిల్లి కాలేయం అరిగించుకోలేదు. పారాసిటమాల్ ఒక్క మాత్ర చాలు, ప్రాణం తీయడానికి. మన టూత్‌పేస్టూ పనికిరాదు, అది ఉమ్మేయలేదు కదా. గార గీకించాలంటే పశువైద్యుడు మత్తు ఇచ్చే చేయాలి. మెలకువగా పట్టుకుని పైపైన గీకితే పన్ను తెల్లబడుతుంది, చిగురు కింది మురికి అక్కడే ఉంటుంది.

అంతదాకా రానివ్వకుండా ఆపే సాధనం ఈ ఊరి చుట్టుపక్కలే తయారవుతోంది. 1936లో పి.ఎ.సి. రామస్వామి రాజా రాజపాళయం మిల్స్ స్థాపించారు. నూలుకు పేరుపడ్డ ఈ ప్రాంతంలో, పక్కనున్న చత్రపట్టి మగ్గాల మీద ఆస్పత్రుల కోసం పలచటి బ్యాండేజీ గుడ్డ నేస్తారు. ఆ గుడ్డ ముక్క తడిపి చూపుడు వేలికి చుట్టుకుంటే పిల్లికి సరిపోయే బ్రష్షు సిద్ధం. కూనగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. మొదటి వారం బుగ్గ నిమిరితే చాలు, తర్వాత పెదవి ఎత్తి కోరల మీద ఒక్కసారి, ఆ పైన దవడపళ్ల దాకా. రోజూ అరనిమిషం. పళ్ల లోపలి వైపు పెద్దగా రుద్దక్కర్లేదు, ఆ పని దాని గరుకు నాలుకే చాలావరకు చూసుకుంటుంది.