వేపనీడ, ఏసీ గాలి

వేపచెట్టు కింద బండి పెట్టుకోవడం మా ఇంట్లో తాతల నాటి అలవాటు. అప్పుడు ఎడ్లబండి, ఇప్పుడు కారు. ఆ చెట్టు రాల్చిన పూత ఏ మూలకు చేరుతోందో మొన్న రోహిణి కార్తెలో గానీ తెలియలేదు.

అమ్మను కంటి డాక్టరుకు చూపించడానికి నరసరావుపేట నుంచి గుంటూరు బయల్దేరాం. పదకొండింటికే రోడ్డు మీద ఎండమావులు. ఏసీ నాలుగో నంబరులో ఉంది. బ్లోయర్ హోరు వినిపిస్తోంది కానీ గాలి వెనక సీటు దాకా రావడం లేదు. అమ్మ ముందుకు వంగి చెయ్యి పెట్టి చూసింది. "చల్లగానే ఉందిరా, గాలే లేదు" అంది.

దారిలో ఒక షెడ్డులో అడిగితే గ్యాస్ కొట్టించాలన్నారు. అప్పటికే ఆలస్యమైందని ఆగలేదు. అమ్మను చూపించాక, గుంటూరులో తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్లాం. అమ్మ అన్న మాటే చెప్పాను. "చల్లగా ఉండి గాలి తక్కువైతే ముందు గ్యాస్ జోలికి పోకూడదు బాబూ. చల్లబరచడం గ్యాస్ పని, తోయడం బ్లోయర్ పని. గాలికి దారి ఎక్కడ మూసుకుందో చూద్దాం" అన్నాడాయన.

ఎడమవైపు డ్యాష్‌బోర్డు అరను కిందికి దించి, వెనకున్న మూత తీసి, ఫిల్టర్‌ను బయటికి లాగాడు. విసనకర్రలా మడతలు మడతలుగా ఉంది. తెల్లగా ఉండాల్సింది బూడిదరంగుకు తిరిగింది. ప్రతి మడతలోనూ ఎండిన వేపపూత, ఈనెలు, మెత్తటి దుమ్ము. నేల మీద తడితే దోసెడు చెత్త రాలింది. అద్దం కింద జాలీలోంచి బయటి గాలితోపాటు లోపలికి వచ్చిందే అదంతా. కొత్త ఫిల్టర్‌ను, దాని మీద బాణం గుర్తు గాలి వెళ్లే వైపుకు ఉండేలా చూసి, పెట్టాడు. బ్లోయర్ తిప్పగానే వెనక సీట్లో అమ్మ నుదుటి మీది వెంట్రుకలు కదిలాయి.

చేతులు తుడుచుకుంటూ మిగతా గుర్తులు కూడా చెప్పాడు. పెద్ద స్పీడులో మాత్రమే తిరిగి, చిన్న స్పీడుల్లో అసలు తిరగకపోతే చాలా బళ్లలో రెసిస్టర్ పోయినట్టు. ఏ స్పీడులోనూ చప్పుడే లేకపోతే ముందు ఫ్యూజు, తర్వాత మోటారు చూడాలి. బాగానే మొదలై, గంట ప్రయాణం తర్వాత గాలి సన్నగిల్లి, ఏసీ కాసేపు ఆపితే మళ్లీ వస్తుంటే లోపలి కూలింగ్ కాయిల్‌కు మంచు పట్టిందన్నమాట. అప్పుడు గ్యాస్ కూడా పరీక్షించాలి. హోరు గట్టిగా ఉండి గాలి కాళ్ల వైపుకో అద్దం మీదికో పోతుంటే, దారి మళ్లించే తలుపు ఇరుక్కున్నట్టు.

మనిషి ఒంట్లో బాగోలేదంటే ఎక్కడ, ఎప్పుడు, ఎలా అని అడిగాకే మందిస్తారు. బండికీ ఆ మర్యాద దక్కాలి. కొన్ని వందల రూపాయల ఫిల్టర్‌తో పోయేదానికి వేలు ఖర్చుపెట్టడం అన్యాయం.

సాధారణంగా పది, పదిహేను వేల కిలోమీటర్లకు ఒకసారి ఫిల్టర్ మార్చమంటారు. దుమ్ము రోడ్లలో తిరిగే బండికి, చెట్టు కింద నిలబడే బండికి అంతకంటే ముందే మార్చాలి. చెట్టు నీడ వదులుకోనక్కర్లేదు. ఉగాది వెళ్లి వేపపూత రాలడం ఆగాక, ఒక్కసారి ఆ అర దించి చూడండి. వెనక సీట్లో కూర్చునేది ఎక్కువగా పెద్దవాళ్లూ పసిపిల్లలూ.