గాలికి పటము

మా యూరి పెంకుటింట వంటగదికి ఒకటే కిటికీ. పైకప్పున ఒక పెంకు పగిలి చిన్న కంత యేర్పడియుండెను. ఉదయము 8 గంటల వేళ ఆ కంతగుండ ఒక సూర్యకిరణము వెదురుకర్రవలె ఏటవాలుగ నేలపై పడెడిది. పొయ్యిలో తుమ్మకట్టెలు రాజుకొనగానే ఆ కిరణములో పొగ సుడులు తిరుగుచు కనబడెడిది. దానికి ఇవతల గాని అవతల గాని పొగయే లేనట్లు తోచెడిది. మా అమ్మ దగ్గు మాత్రము గదియంతట వినబడుచుండెను.

నేను పెరిగి ఉద్యోగమున చేరిన పిదప, గాలిలోని కార్బన్ మోనాక్సైడును కొలుచు చిన్న పెట్టె నొకదానిని స్నేహితుని అడిగి తెచ్చి, వంటగది గుమ్మము ప్రక్క గూటిలో పెట్టితిని. అంకె స్వల్పముగనే చూపెను. "భయము లేదమ్మా" అంటిని. అమ్మ గొట్టముతో నిప్పు నూదుట ఆపి, తల త్రిప్పకయే, "నాయనా, నీ పెట్టె గుమ్మం దగ్గర కూర్చుంది. నేను పొయ్యి దగ్గర కూర్చున్నాను" అనెను. మరునాడు పెట్టెను ఆమె ప్రక్కన పీటపై నుంచితిని. అంకె పలురెట్లు పెరిగెను. ఒక్క గదిలో ఇన్ని గాలులున్నవని నేనంతవరకు ఎరుగనైతిని.

అట్లని గదినిండ పెట్టెలు పరచుట యెట్లు? నడచుటకు చోటుండదు, పైగా ఆ పెట్టెలే గాలి పోకను మార్చివేయును. శాస్త్రజ్ఞులు గాలిని తాకక, దానిగుండ వెలుగును పంపిచూచిరి. కంటికి కనబడని పరారుణ కిరణములలో ఒక్కొక్క వాయువు తనకు తగిన కొన్నింటిని మాత్రమే మ్రింగివేయును. ఈ గోడనుండి బయలుదేరిన కిరణము ఆ గోడకు చేరునప్పటికి ఎంత క్షీణించినదో కొలిచినచో, త్రోవలోనున్న వాయువు మొత్తమెంతయో తెలియును.

చిక్కంతయు ఆ 'మొత్తము'లోనే యున్నది. త్రోవలో ఏ చోట వాయువు దట్టముగ నున్నదో ఒక్క కిరణము చెప్పజాలదు. కాగితముపై రెండు వరుసలుగ నాలుగు గళ్లు గీయుడు. అడ్డువరుసల మొత్తములు 5, 5. నిలువువరుసల మొత్తములును 5, 5 అనుకొనుడు. ఒక జత ఎదురుమూలలలో 5 చొప్పున నుండి, తక్కిన గళ్లు సున్నలు కావచ్చును. అందుకు తారుమారును కావచ్చును. ఐమూలగా పోయిన గీత మొత్తము 10 అని తెలిసినప్పుడే సందేహము తీరును. ఇట్లు పలుదిక్కుల మొత్తములనుండి లోపలి పటమును రాబట్టు విద్యకు టోమోగ్రఫీ యని పేరు. ఆసుపత్రులలోని సి.టి. స్కాన్ యంత్రము ఎక్స్‌కిరణములతో చేయునదియు ఇదియే.

అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాలవారు 2001లో ఇట్టి ప్రయోగమొకటి ప్రకటించిరి. 7 మీటర్ల వెడల్పు, 9 మీటర్ల పొడవు, 11 మీటర్ల ఎత్తు గల గదిలో మీథేను వాయువును వదలి, ఒకే మట్టమున 28 లేజరు త్రోవల నేర్పరచిరి. ప్రతి 7 సెకనులకు అన్ని త్రోవలను కొలిచి, కదలుచున్న వాయువునకు పటములు గీచిరి. గాలిపటమనగా మనకు దారముతో ఎగురునది. ఇది నిజముగ గాలికే పటము! అది నమ్మదగినదా యని చూచుటకు, అర మీటరు పొడవు గల మరి 28 పొట్టి త్రోవల కొలతలతో పోల్చిరి. తమ పనిని తామే శంకించుట నాకు మిక్కిలి నచ్చినది. ఆ బృందమున ముంబయిలో జన్మించిన అశోక్ గాడ్గిల్ ఒకరు. సూడాన్‌లోని డార్ఫుర్ నిరాశ్రయ స్త్రీలకొరకు తక్కువ కట్టెలతో మండు పొయ్యిని రూపొందించుటకు తరువాత పూనుకొన్నవారును ఆయనయే.

మా యింట లేజరులు లేవు. అమ్మ మాటయే చాలెను. ఆ యేడే పొయ్యి మీదుగ పొగగొట్టము పెట్టించితిని. ఇప్పుడచ్చట గ్యాసు పొయ్యి వచ్చినది. పగిలిన పెంకును మార్చెదమని పనివారన్నప్పుడు నేను వలదంటిని. ఉదయము 8 గంటలకు ఆ కిరణము నేటికిని పడుచున్నది. మూకుడులో మిరపకాయలు వేగునప్పుడు దానిలో సన్నని పొగ ఆడుచునే యుండును. అమ్మ అది చూచి లేచి కిటికీ తెరచును.